మా కాలువలో కురుసుర

మా ఊరి పేరు చెప్పగానే చాలామందికి బాలయోగిగారు జ్ఞాపకం వస్తారు. ఆ తరవాత కొబ్బరి చెట్లు, ఆ తరవాత రొయ్యల చెరువులు. జలాంతర్గామి మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. రావలసిన అవసరమూ లేదు. కాని ఈ ముమ్మిడివరంలోనే, మా పెరటి కొబ్బరికాయల కొట్టులో, మూడడుగుల జలాంతర్గామి ఒకటి తయారయింది, ఈదింది, మునిగింది, ఒకనాడు మునిగినది తేలకుండా పోయింది కూడా. ఆ కథ చెప్పమని కాలేజీలో మిత్రులు అడిగినప్పుడల్లా సగమే చెపుతూ వచ్చాను. తక్కిన సగంలో తప్పు నాది. ఇవాళ రెండు సగాలూ చెపుతాను.

ముందుగా ఒక మనవి. నేను ఇంజనీరును కాను. తెలుగు ఎం.ఏ. చదివి, పిల్లలకు ప్రబంధాలూ ఛందస్సూ చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ‘జలాంతర్గామి’ అనే మాట నా చేతికిస్తే ‘జల’ను ఒక పక్కకీ ‘అంతర్గామి’ని ఒక పక్కకీ విడదీసి, సవర్ణదీర్ఘ సంధి అని చెప్పి, నీళ్ళ లోపల పోయేది అని అర్థం రాసి, చేతులు దులుపుకోగలను. మాటను విడదీయటమే తప్ప వస్తువును కలపటం నాకెన్నడూ అవసరం పడలేదు.

నాలుగేళ్ళ కిందట వేసవి సెలవుల్లో మా వాణ్ణి విశాఖపట్నం తీసుకువెళ్ళాను. వాడికప్పుడు పదేళ్ళు. రామకృష్ణా బీచిలో ఇసకమీద నిలబెట్టిన ‘కురుసుర’ను చూడని తెలుగువాళ్ళు ఈ రోజుల్లో తక్కువ. సోవియట్ దేశంలో తయారై, 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరి, 31 ఏళ్ళు కొలువు చేసి, 2001 ఫిబ్రవరి 27న విశ్రాంతి పుచ్చుకున్న ఓడ అది. మరుసటి ఏడు, 2002 ఆగస్టులో, దాన్ని ప్రదర్శనశాల చేసి జనానికి చూపించటం మొదలుపెట్టారు. పొడవు 91.3 మీటర్లు. లోపల మాత్రం మా ఇంటి నడవకంటె ఇరుకు. ఆ ఇరుకులో 75 మంది మనుషులూ, 22 టార్పెడోలూ, వంటా, పడకా, అన్నీ. ఒక గదిలోంచి మరో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి ముందు కాలు, తరవాత తల పెట్టి దూరాలి.

అలా దూరుతూ మా వాడు అడిగాడు:

“నాన్నా, ఇది ఇనుము గదా. మునగటం వింత కాదు. మళ్ళీ పైకెలా వస్తుంది?”

“లోపల గాలి ఉంటుందిరా” అన్నాను తండ్రి హోదాలో.

“గాలి అంతకుముందూ ఉందిగా? మరి మునిగిందెలా?”

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అక్కడ చూపించే ఆయన నౌకాదళంలో పనిచేసి దిగినవారు. మా అవస్థ గమనించి నవ్వి, వాణ్ణి దగ్గరికి పిలిచి చెప్పారు. ఈ ఓడకు పొట్టలు రెండు. లోపలి పొట్టలో మనుషులుంటారు. బయటి పొట్టకూ లోపలి పొట్టకూ మధ్య తొట్లున్నాయి. తొట్లలోకి సముద్రపు నీటిని రానిస్తే బరువెక్కి మునుగుతుంది. గట్టిగా నొక్కిపెట్టి దాచుకున్న గాలిని తొట్లలోకి వదిలితే అది నీటిని బయటికి నెట్టేస్తుంది, ఓడ తేలుతుంది. నీటిమీద ఉన్నప్పుడు దీని బరువు 1,950 టన్నులు. మునిగినప్పుడు 2,475. ఈ రెంటికీ తేడా 525 టన్నులు. మునగటమూ తేలటమూ అంతా ఆ 525 టన్నుల నీటిలో ఉందన్నమాట.

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ మా వాడు కిటికీలోంచి చూడలేదు. కాకినాడ దాటాక, “మనం ఒకటి చేద్దాం నాన్నా” అన్నాడు. నాకు తెలియని విద్య గనక సులభంగానే ఒప్పుకున్నాను.

మా కొబ్బరికాయల కొట్టు కర్మాగారమయింది. ఒక పక్క వలిచిన కాయలు, ఒక పక్క డొక్కలు, మధ్య పాత బల్ల. బల్లమీద ఆక్సా బ్లేడు, ఆకురాయి, చేతి డ్రిల్లు, టంకం వేసే కడ్డీ. “ఇంట్లో కుళాయి కారుతూంటే ఏడాదిగా పట్టదుగాని, నీళ్ళు చొరని గొట్టం చేస్తారట!” అని మా ఇంటావిడ అన్నది. అందులో అన్యాయమేమీ లేదు.

లెక్క మా వాడిదే. నూరో వంతు చేస్తే పొడవు 91 సెంటీమీటర్లు. వెడల్పు ఏడున్నర సెంటీమీటర్లు. కుళాయి సామాన్ల దుకాణంలో 75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టం సరిగ్గా అదే కొలత. ఆ గొట్టం 60 సెంటీమీటర్లు కోసి, రెండు కొసలా బిళ్ళలు బిగించాం. బిళ్ళలు మాత్రం అమలాపురంలో లేతు మిషను మీద తీయించాను. ఒక్కొక్క బిళ్ళకూ చుట్టూ గాడి. గాడిలో రబ్బరు రింగు. ముక్కు దగ్గరికి ఎండు కొబ్బరి చిప్ప ఒకటి నున్నగా అరగదీసి తగిలించాం. తోకకు గొట్టాల వాళ్ళు వాడే రెడ్యూసరు. అసలు ఓడకు మూడు ప్రొపెల్లర్లు. మాకు తిరిగేది మధ్యదొక్కటే, పక్కవి రెండూ అలంకారాలు.

ఇక్కడ ఆర్కిమిడీసు వచ్చాడు. గొట్టం కోసిన ముఖం 44 చదరపు సెంటీమీటర్లు, పొడవు 60. రెండూ గుణిస్తే 2,640. అంటే మా పడవ పూర్తిగా మునిగినప్పుడు 2,640 గ్రాముల నీటిని తప్పిస్తుంది. పడవ బరువు అంతకు తక్కువైతే మునగదు, ఎక్కువైతే తేలదు. మోటారు, బ్యాటరీ, గొట్టం అన్నీ కలిపి తూస్తే పద్నాలుగు వందల గ్రాములకంటె లేదు. అంచేత తక్కిన బరువుకు సీసం కావాలి. వలలకు కట్టే సీసపు గుళ్ళు మా వైపు ఎన్నైనా దొరుకుతాయి. కిలోంబావు కొని అడుగున వరసగా పేర్చాం. అడుగునే ఎందుకంటే, తంజావూరు బొమ్మ పడదోసినా లేచి కూర్చోవటానికి కారణం ఏదో దీనికీ అదే: బరువు కిందా, తేలిక పైనా ఉండాలి.

తొట్లకు బదులు మందుల దుకాణంలో దొరికే 60 మిల్లీలీటర్ల సిరంజీలు రెండు. సన్నటి మర ఉన్న కడ్డీని చిన్న మోటారు తిప్పుతూంటే, సిరంజీల పిడులు వెనక్కి జరిగి నీటిని లోపలికి లాగుతాయి. మోటారు ఎదురు తిరిగితే బయటికి నెడతాయి. రెండూ కలిసి 120 గ్రాములు. కురుసురకు 525 టన్నులు, మాకు టీ గ్లాసుడు నీళ్ళు. నీళ్ళు లేనప్పుడు పడవ పైకి తేలి, చెరువులో గేదె వీపులాగా నల్లటి వీపు మాత్రం చూపిస్తుంది. గ్లాసుడు నీళ్ళు తాగితే మాయం.

నూతి దగ్గర సిమెంటు తొట్టిలో మొదటిసారి వేస్తే పడవ నిట్టనిలువుగా లేచి, ముక్కు ఆకాశం వైపు పెట్టి నిలుచుంది. సీసపు గుళ్ళు ఒక అంగుళం ముందుకు జరిపితే తలకిందులుగా నిలుచుంది. ఒక్కొక్క గుండునూ వేలెడంత ఇటూ అటూ జరుపుతూ పన్నెండు సాయంత్రాలు గడిపాం. ఆ పన్నెండు సాయంత్రాల్లో మా వాడు ఒక నియమం పెట్టాడు. బిళ్ళలు బిగించాక పడవను తొట్టిలో ముంచి, పది నిమిషాలు చేత్తో అడుక్కి నొక్కి ఉంచి చూడాలి. ఒక్క బుడగ వచ్చినా విప్పి మళ్ళీ బిగించాలి. ఆ పది నిమిషాలు కాకుండా పడవ గడప దాటటానికి వీల్లేదు. దీన్ని అట్టముక్కమీద రాసి కొట్టు తలుపుకు మేకు కొట్టాడు.

రేడియో సంగతి వేరే కథ. దూరంనుంచి తీగ లేకుండా పడవను నడపటం కొత్త విద్య కాదు. 1898లోనే నికోలా టెస్లా అనే మహానుభావుడు న్యూయార్కు నగరంలో చిన్న పడవను తొట్టిలో వేసి, దూరంగా నిలబడి దాన్ని తనిష్టం వచ్చినట్టు తిప్పి చూపించాడు. అయితే ఆయన పడవ నీటిమీద పోయేది. మాది నీటికింద. ఈ కాలపు ఆటవిమానాలకు వాడే 2.4 గిగాహెర్ట్జుల సెట్టు ఒకటి తెప్పించి పెట్టాం. నీటిమీద చక్కగా మాట విన్నది. జానెడు లోతుకు దిగగానే చెవుడు వచ్చింది. తరంగం ఎంత పొట్టిదైతే నీరు దాన్ని అంత తొందరగా తినేస్తుందట. ఆ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. తరవాత పాతకాలపు 27 మెగాహెర్ట్జుల సెట్టు సంపాదించాం. దాని తరంగం 11 మీటర్లు. చేపల చెరువులో నిలువెత్తు లోతున కూడా అది మాట విన్నది.

ఆ ధైర్యంతో మా చుట్టాల రొయ్యల చెరువుకు తీసుకువెళ్ళాం. పట్టుబడి అయిపోయింది, నీళ్ళింకా తీయలేదు. మోకాలి లోతు దిగిందో లేదో, పడవ పలకటం మానేసింది. ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నేను పంచె ఎగగట్టి బురదలోకి దిగి కాళ్ళతో వెతికి తీయవలసివచ్చింది. రొయ్యల చెరువులో ఉప్పు ఉంటుంది గదా. ఉప్పునీరు విద్యుత్తును పారనిస్తుంది. పారనిచ్చే ఆ గుణంవల్లనే రేడియో తరంగాన్ని పుట్టినచోటే మింగేస్తుంది.

మరి సముద్రంలోని అసలు జలాంతర్గాములకు కబురెలా వెళుతుందని మా వాడు ఆరా తీశాడు. వాటికి కిలోమీటర్ల పొడవున్న తరంగాలు కావాలి. సెకనుకు 18 వేల సార్లు ఊగే తరంగం పొడవు పదహారు కిలోమీటర్లు దాటుతుంది. అటువంటిది ఉప్పునీటిలో పదీ ఇరవై మీటర్ల దాకా దిగుతుంది. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర ‘కట్టబొమ్మన్’ అనే స్టేషను 1990నుంచీ ఈ పని చేస్తున్నది. రెండోదానికి 2024 అక్టోబరు 15న వికారాబాదు జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన జరిగింది. అడవి పోతుందని అక్కడివాళ్ళ బాధ, ఆందోళన పేపర్లో చదివాం. సముద్రానికి ఎన్నో క్రోసుల దూరాన ఉన్న అడవికీ సముద్రం అడుగుకీ ఇలాంటి బాంధవ్యం ఉంటుందని మేము రొయ్యల చెరువులో మునక్కపోతే తెలిసేది కాదు.

ఇక నేను చెప్పకుండా దాస్తూ వచ్చిన సగం.

కిందటేడు సంక్రాంతికి హైదరాబాదునుంచి మా అక్కయ్యా బావగారూ, వాళ్ళ పిల్లలూ వచ్చారు. కనుమనాడు అందరం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళి వచ్చాం. మరునాడు పొద్దున్న కాఫీల దగ్గర బావగారు, “ఏమండీ బావగారూ, సబ్‌మెరైనో ఏదో చేశారట! మునుగుతుందని విన్నాను, తేలటం సంగతేమిటి?” అని అందరి ముందూ హాస్యమాడారు. నాకు పౌరుషం వచ్చింది. “ఇప్పుడే చూపిస్తాను పదండి” అని లేచాను.

అంతకుముందు రోజే బ్యాటరీ మార్చటానికి వెనక బిళ్ళ విప్పి ఉంది. గబగబా బిగించాను. మా వాడు తొట్టి దగ్గర నిలబడి, “నాన్నా, పది నిమిషాలు” అన్నాడు. వీధిలో చుట్టాలు పాతికమంది నిలబడ్డారు. “నిన్న మొన్నా చూశాంగదరా, ఇవాళ అక్కర్లేదు” అన్నాను. వాడు మళ్ళీ, “నాన్నా, పది నిమిషాలే” అన్నాడు. “పెద్దవాళ్ళకి ఎదురుచెప్పకు” అన్నాను. ఈ మాట నేను వాడితో అన్నది అదే మొదటిసారి.

దాళ్వాకు నీళ్ళు వదిలిన రోజులు. పంటకాలువ నిండా పారుతున్నది. పడవ వంతెన పక్కన దిగింది. రెండు చుట్లు తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను మునగమని నొక్కాను. వీపు మాయమయింది. మరింత చప్పట్లు. తేలమని నొక్కాను. తేలలేదు. మళ్ళీ నొక్కాను. కొంచెం కిందుగా, నీటిమీద, గుప్పెడు బుడగలు వచ్చాయి. ఆ తరవాత అవీ ఆగిపోయాయి.

ఈత వచ్చిన కుర్రాళ్ళు రెండు రోజులు వెతికారు. నీళ్ళు మట్టి రంగు, అడుగున బురద, పైన గుర్రపుడెక్క. దొరకలేదు. బావగారు పాపం నొచ్చుకుని, “ఏమైందంటారు?” అని అడిగారు. “పాత సెట్టండీ, చెడిపోయినట్టుంది” అన్నాను. మా వాడు నా మొహంలోకి చూశాడు. ఏమీ అనలేదు. ఆ తరవాత మూడు నెలలు కొట్టు తలుపు తీయలేదు. నాతో మాట్లాడేవాడు, కాని ‘అన్నానికి రండి’, ‘ఫోను వచ్చింది’ అనే మాటలే. ఎవరడిగినా నేను ‘సెట్టు’ అనే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే కొంత నమ్మకం కుదిరింది.

ఏప్రిల్ ఆఖరున మామూలుగా కాలువ కట్టేశారు. మడుగుల్లో మిగిలిన నీళ్ళలో చేపలు పట్టుకుంటున్న పిల్లలు, వంతెనకు ఫర్లాంగు దిగువన, గుర్రపుడెక్క వేళ్ళకింద బురదలో మా కురుసురను చూసి మోసుకువచ్చారు. మా వాడు దాన్ని కొట్టులోకి తీసుకుపోయి కడిగి, బల్లమీద పెట్టి, నన్ను పిలిచాడు. ఇద్దరం కలిసి వెనక బిళ్ళ విప్పాం. లోపల నీళ్ళూ బురదా. బ్యాటరీ ఉబ్బి పచ్చబారింది. సెట్టు సంగతి చెప్పనక్కర్లేదు. కాని సిరంజీల పిడులు చూద్దుము గదా, పూర్తిగా ముందుకు వచ్చి ఉన్నాయి. అంటే నేను తేలమన్నప్పుడు పడవ విన్నది. విని, తన 120 గ్రాములూ బయటికి నెట్టేసింది. సెట్టు చెడిపోలేదు. అప్పటికే అంతకంటె ఎక్కువ నీళ్ళు వేరే దారిన లోపలికి వచ్చేశాయి.

ఆ దారేదో మా వాడు చూపించాడు. రబ్బరు రింగుమీద అడ్డంగా, జానెడు పొడవున, ఒక్క కొబ్బరి పీచు పోగు. కొబ్బరికాయల కొట్టులో గబగబా బిగించినవాడికి కనిపించని పోగు. పీచును నెలల తరబడి నీళ్ళలో నానబెట్టి తీసి తాళ్ళు పేనుతారు గదా. అది అంత తొందరగా కుళ్ళేది కాదు. నాలాగా అబద్ధమూ చెప్పదు. మూడు నెలలు నీళ్ళలో ఉండి, సాక్ష్యం చెప్పటానికి అక్కడే కాచుకుని ఉంది. మీటరు లోతున ఆ బిళ్ళమీద పడే నీటి ఒత్తిడి నాలుగు కిలోల పైమాట. పోగు పక్కన ఉన్న వెంట్రుకవాసి సందు దానికి చాలు. పది నిమిషాలు తొట్టిలో పెట్టి ఉంటే బుడగ కనిపించేది.

మా వాడు ఆ పోగును తీసి నా అరిచేతిలో పెట్టాడు. ‘చూశారా’ అనలేదు. అంటే బాగుండేది.

“తప్పు నాదేరా” అన్నాను. “సెట్టు అని అందరికీ అబద్ధం చెప్పాను.”

“నాకు తెలుసు” అన్నాడు. కొంచెం సేపు ఆగి, “బిళ్ళలు రెండూ బాగానే ఉన్నాయి. సిరంజీలూ పనికొస్తాయి” అన్నాడు.

రెండో పడవకు ఎనిమిది నెలలు పట్టింది. ఒక మర పడవ మేస్త్రీని అడిగితే, “నీరు తలుపు తట్టి రాదండి మేష్టారూ, సందు చూసుకుని వచ్చేస్తాదండి” అని చెప్పి, ప్రొపెల్లరు కడ్డీ చుట్టూ గ్రీజు ఎలా కూరాలో నేర్పాడు. ఒక్కొక్క బిళ్ళకూ రెండేసి రింగులు పెట్టించాం. గొట్టం అడుగున రెండు రాగి తీగల కొసలు ఎడంగా అమర్చాం. మొదటి చుక్క పడి ఆ రెంటినీ కలిపితే చాలు, మా అనుమతి లేకుండానే సిరంజీలు ఖాళీ అయిపోతాయి. మూడు సెకన్లు రేడియో పిలుపు తెగినా అంతే. బల్లను కొట్టులోంచి వసారాలోకి మార్చాం.

ఈ సంక్రాంతికి బావగారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన హాస్యమాడలేదు, మర్యాదకైనా పడవ ఊసెత్తలేదు. నేనే తీసుకువచ్చి చూపించాను. “బావగారూ, కిందటేడు సెట్టు చెడిపోలేదండి. తొందరపడి సరిగ్గా బిగించనిది నేను. కుర్రాడు వద్దంటూనే ఉన్నాడు” అన్నాను. చుట్టాలందరూ అక్కడే ఉన్నారు. ఆయన ఒక నిమిషం ఊరుకుని, మా వాడి వైపు తిరిగి, “అయితే ఇప్పుడు బయలుదేరదామా, అబ్బాయ్?” అన్నారు.

మా వాడు అప్పటికే తొట్టి మీదకు వంగి, మోచేతుల దాకా నీళ్ళలో పెట్టి, పడవను అడుక్కి నొక్కిపట్టి ఉన్నాడు. తల ఎత్తకుండానే, “ఇంకా ఆరు నిమిషాలుంది మామయ్యా” అన్నాడు.

ఆ ఆరు నిమిషాలూ పాతికమందిమి తొట్టి చుట్టూ నిలబడి నీళ్ళకేసి చూశాం. బుడగ రాలేదు.